పది నలభై రెండుకి బూట్ల చప్పుడు

నా మెదడు తనకు కావలసిన నెత్తురును తాను సరిగా చూసుకోలేకపోతోందని ఒక డాక్టరు రాసి, సంతకం పెట్టి, ముద్ర గుద్ది ఇచ్చాడు. అది తప్పు. నా మెదడుకు ఆ పని శుభ్రంగా వచ్చు. ఆ కాగితం పుణ్యమా అని ఎనిమిదేళ్ళు నేను సైకిలెక్కలేదు.

పోయిన నెలలో ఆ డాక్టరు పోయాడు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఆ నియమం పెట్టినవాడి సైకిలుకు ఎవరూ తాళం వేసి ఉండరు.

సంతాప సభ ఆయన పనిచేసిన ఆసుపత్రి హాల్లోనే పెట్టారు. బల్ల మీద ఆయన ఫొటో, దానికి బంతిపూల దండ. వెనక గోడకి, గాజు చట్రంలో, నా తలలో నెత్తురు పారిన తీరును యంత్రం గీసిన గీత. ఆ గీత చివర ఒక గుంట. గుంటను చూపిస్తూ ఒక ఎర్ర బాణం. నా పేరు లేదు. "పురుషుడు, డెబ్బై ఒకటి, రైల్వే కాలనీ" అని మాత్రం ఉంది. మా కాలనీలో ఆ వయసులో, ఆయన చేసిన మెదడు పరీక్షకి వెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణే కనుక, పేరు రాయకపోవడం వల్ల నాకు మిగిలిన మర్యాదేమీ లేదు. పిల్లలు నన్ను "బాణం తాత" అంటారు. ఆయనకి దండ ఈ మధ్యనే పడింది. నాకు బాణం ఎప్పుడో పడింది.

మైకు దగ్గర ఎవరో "దో మినట్ కా మౌన్" అన్నారు. అందరం లేచాం. ఆయన పరీక్షలో "తేడా ఉంది" అని రాయించుకున్న మా కాలనీ ముసలివాళ్ళం ముందు వరసలోనే ఆరుగురం ఉన్నాం. కూర్చున్నవాళ్ళం ఉన్నపళంగా లేచాం. ఒక్కడి తల తిరగలేదు. ఒక్కడు తూలలేదు. రిటైర్డ్ గార్డు గారికి ఎనభై నాలుగు. మౌనం అయిపోయి అందరూ కూర్చున్నా ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు.

"కూర్చోండి గార్డు గారూ, అయిపోయింది" అన్నాను.

"ఎవరూ కూర్చోమన్లేదు కదా" అన్నాడాయన.

ఈ కథంతా ఆ ఒక్క మాటలో ఉంది. కాస్త వివరంగా చెబుతాను.

ఆ డాక్టరు మాకు పరాయివాడు కాదు. మా పార్వతీపురం వైపు మనిషి కొడుకే. వాళ్ళ నాన్న ఆవిరింజన్ల మీద ఫైర్‌మన్. నేను సిగ్నల్ కేబిన్‌లో లీవర్లు లాగే మనిషిని. కాలనీలో ఎదురెదురు క్వార్టర్లు. ఏడెనిమిదేళ్ళ కుర్రాడిగా ఉన్నప్పుడు నన్ను "బాబాయ్" అనేవాడు. దూరదేశాలన్నీ తిరిగి, చదువులన్నీ చదివి, మా కాలనీ ఉన్న ఈ రాయపూర్‌కే పెద్ద డాక్టరుగా తిరిగొచ్చాక ఆ పిలుపు ఎక్కడో సామాను మారేటప్పుడు పోయినట్టుంది. "దేఖియే అంకుల్‌జీ" దగ్గర మొదలై, తర్వాత్తర్వాత వట్టి "పేషెంట్" దాకా దిగాను.

ఆయన రాక ముందు చప్పుడుతో తెలిసేది. బూటు మడమలకి ఇనప లాడాలు కొట్టించుకునేవాడు. ఆసుపత్రి వసారా ఆ చివర టక్కు మంటే, ఈ చివర బెంచీ మీద ఉన్నవాళ్ళు పాదాలు సర్దుకునేవారు. రెండో టక్కుకి చేతులు మోకాళ్ళ మీదికి వచ్చేవి. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి గదిలో అందరూ లేచి, కుర్చీలన్నీ ఖాళీ. మనిషి గుర్రం కాదు కదా, లాడాలెందుకు అని వాళ్ళ నాన్నని ఒకసారి అడిగాను. "అరిగిపోకుండా నాయినా. సిన్నప్పుడు కాళ్ళకి జోళ్ళు నేకుండా తిరిగాడు కదా" అన్నాడు. ఆ జవాబు విన్నాక నాకు కొంచెం సిగ్గేసింది. కొంచెమే.

మరో అలవాటు. ఎవరినైనా కసురుకునే ముందు రెండు వేళ్ళు తన మెడ మీద, దవడ కింద, నాడి దగ్గర పెట్టుకునేవాడు. ఎదుటివాడి తెలివితక్కువతనం వల్ల తన రక్తపోటు ఎంత పెరిగిందో కొలుచుకుంటున్నట్టు. మాతో హిందీ, నర్సులతో ఇంగ్లీషు. లెక్క మాత్రం తెలుగులో పెట్టేవాడు. ఎవరి నాడైనా పట్టుకున్నప్పుడు చెవి దగ్గరగా పెడితే "ఒకటి, రెండు, మూడు" అని సన్నగా వినిపించేది. కాలనీ తెలుగు బళ్ళో ఐదో తరగతి దాకా నేర్చుకున్న అంకెలు మరి. ఇంగ్లండు పోయి వచ్చినా కదల్లేదు.

మాట నేర్పు ఉంది. కాదనను. మా తెలుగు సంఘం హాల్లో క్యాంపు పెట్టినప్పుడు, మెదడు తన నెత్తురును ఎలా సర్దుకుంటుందో చెప్పాడు.

"దేఖియే, మీ ఇళ్ళ మీద ట్యాంకులున్నాయి కదా. కింద మునిసిపాలిటీ నీళ్ళు ఒక పూట జోరుగా వస్తాయి, ఒక పూట సన్నగా వస్తాయి. పైన కొళాయిలో ధార మాత్రం ఒక్కలాగే ఉండాలి. దిమాగ్ అంతే. కింద ప్రెషర్ ఎంత ఊగినా, రక్తనాళాలు వాటంతటవే బిగిసి, వదులై, పైన నెత్తురు ఒక్క తీరుగా నడిపిస్తాయి. కూర్చున్నవాళ్ళు లేచారనుకోండి, నెత్తురు కాళ్ళలోకి దిగుతుంది. కొద్ది సెకన్లలో మెదడు సర్దేసుకోవాలి. సర్దుకుంటోందా లేదా, అది నేను కొలుస్తాను."

గార్డు గారి భార్య వెనక వరసలోంచి, "మా కొలాయిల నీల్లే రావట్లేదు బాబూ మూడ్రోజులయి" అంది. హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. రెండు వేళ్ళు మెడ మీదికి వెళ్ళాయి.

ఇదే సంగతి ఆఫీసర్ల క్లబ్బులో చెప్పినప్పుడు ట్యాంకు పోయి డ్యామ్, కాలువ వచ్చాయట. ధర్సీవా ఫ్యాక్టరీల యజమానుల దగ్గర బాయిలరు, దాని వాల్వులు అయ్యాయట. వినేవాడి హోదాని బట్టి మెదడు కొలత మారేది. మాకొచ్చేసరికి సింటెక్స్ ట్యాంకు.

ఆ పరీక్షకి మా కాలనీ వాళ్ళనే ఎందుకు ఎంచుకున్నాడంటే, "మనవాళ్ళు చెప్పింది చెప్పినట్టు చేస్తారు" అన్నాడట పరీక్ష చేసే సిస్టర్‌తో. నిజమే. ఆ నిజమే కొంప ముంచింది.

అప్పటికి నాకు తల తిరగడం లేదు. కళ్ళు చీకట్లు కమ్మడం లేదు. నేను వెళ్ళింది యంత్రం చూడ్డానికి. నా చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది. మిగతాదంతా టాటీబంధ్ చౌరస్తా దగ్గర ఒక కబాడీ దుకాణంలో, పాత సామాన్ల కొట్లో, చదివాను. లారీల వాళ్ళు దించే పాత కాగితాల్లో, కాలేజీలు పారేసిన పుస్తకాలు కిలోల లెక్కన వస్తాయి. వారానికి రెండుసార్లు సైకిలు మీద అక్కడికి వెళ్ళి, గుట్ట పక్కన నిలబడి రెండేసి గంటలు చదివి, నచ్చింది తూకం వేయించుకుని తెచ్చుకునేవాణ్ణి. నర్సింగ్ పిల్లలు చదివే శరీరశాస్త్రం పుస్తకం ఒకటి, అట్టలేనిది, అలాగే దొరికింది. మెదడు నెత్తురు సంగతి అందులో చదివాను. అది కళ్ళతో చూడొచ్చంటే ఎవడు మానుకుంటాడు?

"వద్దండీ. బాగున్నోల్లు డాక్టరు ఇంటికెల్తే ఏదో ఒకటి అంటగట్టి పంపుతారు" అంది మా ఆవిడ.

ఆమె మాట వినలేదు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు వినక తప్పలేదు.

గదిలో కుర్చీ, బల్ల, తెర. యంత్రం నడిపే సిస్టర్ తాడేపల్లిగూడెం వైపు వాళ్ళమ్మాయి. వాళ్ళ నాన్న కూడా రైల్వేయే. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తుంది. తలకి బిగుతుగా పట్టీ కట్టి, కణత దగ్గర చల్లటి జెల్ రాసి, పెన్ను టోపీ అంత గొట్టాన్ని ఆనించి, అటూ ఇటూ జరుపుతూ నాళం కోసం వెతికేది. కొందరికి ఎముక మందం. దారి దొరకదు. గార్డు గారికి అరగంట వెతికి, "తాతగారిది బాగా మందంగా ఉందండి, అవతలి వైపు చూస్తాను" అంటే, పక్కనున్న ఆయన భార్య "రెండేపులా అంతే అమ్మా, నేను అరవై ఏల్ల నుంచి సూత్తన్నాను" అంది.

గార్డు గారి మీదే ఇంకో ముచ్చట జరిగింది. ఊపిరి బిగబట్టే పరీక్ష ఒకటుంది. ఊపిరి ఆపితే మెదడుకు నెత్తురు పెరగాలి. ఎంత పెరిగిందో చూస్తారు. డాక్టరు "సాఁస్ రోకియే" అన్నాడు. గార్డు గారు బిగబట్టాడు. డాక్టరుకి ఫోనొచ్చింది. ఎవరితోనో అభన్‌పూర్‌లో కొన్న స్థలం ప్రహరీ గురించి మాట్లాడుతూ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. గార్డు గారి ముఖం ఎరుపయి, నల్లనయి, కళ్ళు పైకి తేలుతుంటే సిస్టర్ పరుగెత్తి, "వదిలేయండి తాతగారూ, బాబోయ్ వదిలేయండి!" అని వీపు తట్టింది. ఊపిరొచ్చాక ఆయనన్న మొదటి మాట, "సాబు సెప్పలేదమ్మా!" జీవితమంతా ఎదటివాడు పచ్చజెండా ఊపితేనే బండి కదిలించిన మనిషి. డాక్టరు ఫోను పెట్టి, తెర చూసి, "బహుత్ బఢియా రీడింగ్" అన్నాడు.

ఇక నా వంతు. పట్టీ కట్టి, వేలికి రక్తపోటు కొలిచే చిన్న పట్టా తొడిగి, "పది నిమిషాలు కదలకండి తాతగారూ. మాట్లాడొద్దు, నవ్వొద్దు. నేను లేవమన్నప్పుడే లేవాలి. అప్పుడు నేనీ బొత్తాం నొక్కుతాను, గీత మీద లేచినట్టు గుర్తు పడుతుంది" అంది సిస్టర్. గోడ గడియారం పది ముప్ఫయ్ అయిదు.

యంత్రం నడవగానే గదిలో చప్పుడు మొదలైంది. ష్షూ, ష్షూ, ష్షూ. నా తలలో నెత్తురు పారుతున్న చప్పుడు. ముప్ఫయ్యెనిమిదేళ్ళు కేబిన్‌లో కూర్చుని ఎన్నో ఇంజన్లు విన్నాను. మనిషి కణత వెనక ఇంకొకటి నడుస్తోందని తెలియదు. తెర మీద రెండు గీతలు. పైది నెత్తురు, కిందది రక్తపోటు. రెండూ తిన్నగా పోతున్నాయి. ఏడు నిమిషాలు ఎంత ఆనందంగా గడిచాయో చెప్పలేను. అట్టలేని పుస్తకంలో చదివింది నా తలలోనే జరుగుతోంది.

పది నలభై రెండు. వసారాలో టక్కు, టక్కు.

నేను లేచాను. అనుకుని లేవలేదు. కాళ్ళు లేచాయి. వైరు లాగుకుంది, కణత మీది గొట్టం పక్కకి జారింది, ష్షూ ష్షూ కాస్తా ఉస్సురుమంది. బొత్తాం దగ్గర వేలు పెట్టుకుని కూర్చోవలసిన సిస్టర్ కూడా లేచి నిలబడింది. గుర్తు నొక్కేవారు లేరు. ఆయన గుమ్మంలోకి వచ్చాడు. నావైపు చూడలేదు. తెర వైపు చూశాడు. రక్తపోటు గీత పడి, మళ్ళీ సర్దుకుని పైకొస్తోంది. నెత్తురు గీత పడింది పడినట్టే ఉంది. గొట్టం జారిపోయాక అది ఎక్కడినుంచి లేస్తుంది?

"దేఖా?" అన్నాడు సిస్టర్‌తో. "బీపీ వాపస్, ఫ్లో వాపస్ నహీ. కూర్చుని ఉండగానే ఇలా పడిపోతోంది! రైల్వే వాళ్ళందరిదీ ఇదే పాటర్న్." నాలుగు నిమిషాలు తెర ముందు నిలబడి, వేలితో తాళం వేస్తూ, తెలుగులో లెక్కపెట్టి, "బస్. నెక్స్ట్" అని వెళ్ళిపోయాడు.

కూర్చుని ఉండగానే అట! నేను ఆయన భుజానికి మూరెడు దూరంలో, తలకి వైర్లతో, కొయ్యలా నిలబడి ఉన్నాను. ఆయనకి తెలియలేదు. అబద్ధం ఆడాడని నేనను. ఆయన గదిలోకి వెళ్ళేసరికి మనుషులు ఎప్పుడూ నిలబడే ఉంటారు. నిలబడడమే మనుషుల మామూలు ఎత్తని ఆయన అనుకుంటూ ఉండాలి.

మా నౌకరీలో పెద్ద పెద్ద దొరల్ని చూశాం. కేబిన్ తనిఖీకి వస్తే లేచేవాళ్ళం. వాళ్ళు చేత్తో అలా గాలిలో నొక్కి "బైఠో, బైఠో" అనేవారు. లోపల ఏమనుకున్నా ఆ రెండు మాటలూ అనేవారు. ఈయన నోట ఆ మాట ఏనాడూ రాలేదు. ఆయన వెళ్ళిపోయిందాకా నిలబడే ఉండాలి.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఈయన కుర్రాడిగా ఉన్నప్పుడు, బడి కాగితం మీద సంతకం కోసం వాళ్ళ నాన్న, నేను ఒక అధికారి బంగళాకి వెళ్ళాం. పిల్లాడూ వెంట వచ్చాడు. వరండాలో నాలుగు కుర్చీలు ఖాళీ. లోపల కూర్చుని ఆ అధికారి పేపరు చదువుతున్నాడు. మమ్మల్ని చూశాడు. రెండు గంటలు నిలబెట్టాడు. పిల్లాడు కాలు మార్చి కాలు మార్చి నిలబడి, చివరికి నా చొక్కా లాగి, "బాబాయ్, కూకోమంటే ఆయన సొమ్మేటి పోతాది?" అన్నాడు, కొంచెం గట్టిగానే. వాళ్ళ నాన్న వాడి నోరు మూశాడు. నేను మాత్రం వీడు బాగుపడతాడనుకున్నాను. బాగుపడ్డాడు. ఆ ప్రశ్నకి జవాబు కనుక్కోవడం మాత్రం మరిచిపోయాడు.

రిపోర్టు వారానికి వచ్చింది. మెదడు రక్తప్రసరణ నియంత్రణ లోపించింది, ఒంటరిగా బయట తిరగరాదు, సైకిలు నడపరాదు. మా ఆవిడ ఆ సాయంత్రమే సైకిలుకి గొలుసేసి తాళం వేసింది.

"చాబీ ఎక్కడ?"

"నా మెళ్ళో. పుస్తెలతో పాటు ఉంది. లాగుతారా?"

"నాకేం లేదే. ఆ రిపోర్టు తప్పు."

"మన ఫైర్‌మన్ గోరి అబ్బాయి రాసాడు. మీరేవో తూకం పుస్తకాలు సదివి, ఆయన సదువుకి వంక పెడతారా?"

టాటీబంధ్‌కి తోడుంటేనే వెళ్ళాలి. కాగితాల గుట్ట పక్కన రెండు గంటలు నిలబడి చదివే మనిషికి తోడెవరొస్తారు? ఇద్దరు ముగ్గురు వచ్చారు, ఒక్కోసారి చొప్పున. నా బడి అలా మూతపడింది. నిలబడి రెండు గంటలు చదివినవాణ్ణి నిలబడితే పడిపోతానని ఇంట్లో కూర్చోబెట్టారు.

కేబిన్ మనిషికి ఒక జబ్బుంటుంది. ఏ బండి ఏ నిమిషానికి దాటిందో రాయకుండా ఉండలేడు. రిటైరయ్యాక బండ్లు లేవు కనుక నేను మనుషుల్ని రాసేవాణ్ణి. పరీక్షనాడు బయటికి రాగానే బెంచీ మీద కూర్చుని చిన్న డైరీలో రాసుకున్నాను: "10.35 మొదలు. 10.42 డా. లోపలికి. 10.46 డా. బయటికి." రిపోర్టుకి కుట్టిన గీత కాగితం కింద అంచున సన్నటి అంకెల్లో నిమిషాలున్నాయి. భూతద్దం పెట్టి చూశాను. మొదలు 10.35. గుంట 10.42కి పడింది. 10.46 దాకా ఉంది. అక్కడ గీత ముగిసింది. ఆయన కొలిచింది నా మెదడును కాదు, తన రాకను.

మర్నాడే సిస్టర్‌కి చూపించాను. ఆమె డైరీ చూసింది, గీత చూసింది, చేతిలో కాటన్ ముక్క నలిపింది.

"మీ ఒక్కరిదే కాదండి తాతగారూ. అందరూ లేస్తారు. నేనూ లేస్తాను కదండి. గుర్తు ఎవరు నొక్కుతారు?"

"మరి చెప్పొచ్చు కదమ్మా ఆయనకి?"

"ఏమని చెప్పనండి? సార్, మీరు గదిలోకి రావొద్దు అనా?"

నేను చెబుతానన్నాను. రెండు రోజుల తర్వాత ఆయన గది బయట బెంచీ మీద కూర్చున్నాను. టక్కు టక్కు వినబడింది. బెంచీకి బెంచీ లేచింది. నేను లేవలేదు. రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాను. నమ్మండి, డెబ్బై ఒక్క ఏళ్ళ అలవాటుని అలా పట్టుకుని కూర్చోబెట్టడం, జామ్ అయిన లీవరు లాగడం కన్నా కష్టం. ఆయన ఆగాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటిసారి నా ముఖంలోకి చూశాడు.

"క్యా హువా? లేవలేకపోతున్నారా?"

"లేవగలను. లేవడం లేదు."

రెండు వేళ్ళు మెడ మీదికి వెళ్ళాయి. సిస్టర్ వైపు తిరిగి, "దేఖో, పది రోజుల్లో ఎంత ముదిరిందో. రిపోర్ట్‌లో నేను రాసిందే" అన్నాడు.

డైరీ తీశాను. "పది నలభై రెండుకి గీత పడింది. పది నలభై రెండుకి నువ్వొచ్చావు. నేను లేచాను. గొట్టం జారింది." అంతకుముందు ఆయన్ని మీరు అనేవాణ్ణి. ఆ రోజు నువ్వు అని వచ్చేసింది.

"మెషీన్ జూఠ్ నహీ బోల్తీ, అంకుల్‌జీ."

"అబద్ధం చెప్పిందని నేనన్నానా? నువ్వొచ్చావని చెప్పింది. నువ్వే వినలేదు."

ఆయన జాలిగా తల ఊపి, ఎవరినో పిలిచి, "వీల్‌చైర్ లావో" అన్నాడు. నిజంగా తెచ్చారు! ఇద్దరు నా చంకల కింద చేతులు పెట్టారు. దాన్నుంచి తప్పించుకోవడానికి నేను లేచి, గేటు దాకా ఒక్క ఊపున నడిచాను. నేను నిలబడగలనని రుజువు చేసింది వీల్‌చైరే. అది ఏ రిపోర్టులోకీ ఎక్కలేదు. నాకంటే ముందే కబురు ఇంటికి చేరింది. "వీల్‌చైరు దాకా వచ్చిందా!" అని మా ఆవిడ సైకిలుకి రెండో తాళం వేసింది.

తర్వాత నా గీత పెద్దదిగా అచ్చేయించి, బాణం పెట్టి, హాల్లో వేలాడదీశాడు. ఎక్కడో పెద్ద సభలో కూడా చూపించాడట. చప్పట్లు కొట్టారట. కొట్టినవాళ్ళు కూర్చునే ఉన్నారో లేచారో తెలియదు.

నేను ఉత్తరాలు మొదలుపెట్టాను. ఏడాదికొకటి, పరీక్ష జరిగిన తారీకునే, తెలుగులో. మొదటి దాంట్లో నిమిషాల పట్టిక రాశాను. రెండో దాంట్లో రెండు గీతలూ నేనే గీసి పంపాను. మూడో దాంట్లో, మళ్ళీ పరీక్ష చెయ్యండి, గది తలుపు గడియ పెట్టండి అన్నాను. జవాబు లేదు. రిజిస్టర్ పోస్టు రసీదులు మాత్రం అన్నీ వెనక్కి వచ్చాయి, ఆయన సంతకంతో. అంటే అందాయి. ఏడో ఉత్తరం ఒక్క ముక్కే రాశాను. "ఆ బంగళా వరండాలో నన్ను ఒక ప్రశ్న అడిగావు. జవాబు నీకేమైనా దొరికిందా?"

దానికీ జవాబు రాలేదు. ఈలోగా ఆయన రిటైరయ్యాడు, గుండెకి ఏదో అయింది, అదే ఆసుపత్రిలో పడుకున్నాడు. చూడ్డానికి వెళ్ళాలా అనుకున్నాను. తోడెవరూ దొరకలేదు. దొరికినా వెళ్ళేవాణ్ణో లేదో.

సంతాప సభ అయ్యాక, గార్డు గారిని చెయ్యి పట్టి కూర్చోబెట్టి నేను గుమ్మం దాటుతుంటే సిస్టర్ వెనక నుంచి వచ్చింది. చేతిలో కవరు.

"తాతగారూ, ఇది సార్ మీకు రాయించారండి. చివరి వారం. పోస్టులో వెయ్యమన్నారు, నేనే చేతికిద్దామని ఉంచాను. మీ అసలు గీత స్టోర్‌లోంచి తెప్పించుకున్నారండి. మీ ఉత్తరాలన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. మంచం మీద పడుకుని, గీత మీద వేలు పెట్టి..."

"తెలుగులో లెక్కపెట్టాడా?"

"అవునండి. నలభై రెండు దగ్గర ఆగారు. వెంటనే కాగితం, పెన్ను తీసుకోమన్నారండి."

గోడ మీది నా గీత కింద, అక్కడున్న కుర్చీలో, ఎవరూ అనకుండానే కూర్చుని కవరు చింపాను. అక్షరాలు సిస్టర్‌వి. కింద సంతకం ఆయనది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"బాబాయ్, మీ గీత మళ్ళీ చూశాను. పది నలభై రెండు దాకా మీ నెత్తురు తిన్నగా ఉంది. ఆ తర్వాతది పరీక్ష కాదు. మీ మెదడు బాగానే పనిచేస్తోంది. పిన్నికి ఈ కాగితం చూపించి తాళం తీయించుకోండి. టాటీబంధ్ దగ్గర లారీలు జోరుగా వస్తాయి, పక్కగా వెళ్ళండి. గోడ మీదిది తీసేయమని ఆసుపత్రికి కూడా రాయిస్తాను. మీ ఏడో ఉత్తరం చాలాసార్లు చదివాను. ఒక్క మాట. లేవమని నేను ఎవర్నీ ఎప్పుడూ అనలేదు. కూర్చోమనీ అనలేదు."